స్కోప్‌లో తీస్తేనే సినిమానా?

సినిమా తీసేవాళ్లలోనూ, దాని గురించి మాట్లాడేవాళ్లలోనూ ఎవరూ ప్రశ్నించని నమ్మకం ఒకటి స్థిరపడిపోయింది. బొమ్మ ఎంత వెడల్పయితే అంత సినిమా. సినిమాస్కోప్‌లో, అంటే స్కోప్‌లో, తీస్తే థియేటర్ సరుకు, లేకపోతే సీరియల్ సరుకు. పాత తెలుగు సినిమాల చదరపు బొమ్మ సాంకేతికత ఎదగని కాలపు ఇరుకు. దాన్ని ఇవాళ్టి తెర నిండా సర్ది చూపించడమే ఆ సినిమాలకు మనం చేసే మర్యాద. షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాడు కెమెరా తెరవకముందే పైనా కిందా నల్ల పట్టీలు గీసుకుంటున్నది ఈ నమ్మకంతోనే. టీవీల్లో నలుపు తెలుపు సినిమాల తలలు తెగుతున్నదీ ఈ నమ్మకంతోనే.

దీని వెనుక గట్టి అనుభవమే ఉంది, ముందు దాన్ని ఒప్పుకోవాలి. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా వచ్చింది. చింతపల్లి ప్రాంతంలో వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా పట్టిన మన్యం కొండలు తెలుగు ప్రేక్షకుడు అంతకుముందెన్నడూ చూడని వెడల్పులో పరుచుకున్నాయి. 1986లో ‘సింహాసనం’ 70 ఎంఎంలో దిగింది. రెండూ హీరో కృష్ణ చేసిన సాహసాలే. లెన్సులు తెప్పించాలి, హాళ్లు తెరలు మార్చుకోవాలి, నిర్మాత గుండె దిటవు చేసుకోవాలి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో హాళ్లు తమ పేరు చివర 35 ఎంఎం అనీ 70 ఎంఎం అనీ తగిలించుకున్నాయంటే ఆ అంకెలకు ఎంత పరపతి ఉండేదో తెలుస్తుంది. ఖర్చుకూ తెగువకూ గుర్తుగా నిలిచిన వెడల్పు, క్రమంగా గొప్పతనానికే గుర్తయి కూర్చుంది. దానికి ఇంకో మూడు వాదాలు తోడయ్యాయి: మన కళ్లు అడ్డంగానే చూస్తాయి కనుక అది సహజం, భారీ కథకు వెడల్పే తగినది, ప్రేక్షకుడు తెర మీద ఖాళీని భరించడు. ఒక్కొక్కటీ కదిపి చూస్తే ఏదీ నిలవదు.

1. వెడల్పు వేరు, పెద్దది వేరు

స్కోప్‌కు చెప్పే 2.35 అన్నది బొమ్మ ఎత్తుకు వెడల్పు ఎన్ని రెట్లో చెప్పే అంకె, అంతే. ఎన్ని అడుగుల బొమ్మ పడుతుందో అది చెప్పదు. ఆ సంగతి హాలు కట్టినవాడు తేలుస్తాడు. పాత హాళ్లలో బొమ్మ ఎత్తు స్థిరం. 20 అడుగుల ఎత్తు తెర మీద ‘మాయాబజార్’ కాలపు 1.37 బొమ్మ 27 అడుగుల వెడల్పు పడేది. స్కోప్ వేస్తే పక్క పరదాలు జరిగి 47 అడుగులయ్యేది. అక్కడ స్కోప్ నిజంగానే పెద్దది. కొత్త తరం చూడని ముచ్చట అది. పరదాలు రెండు పక్కలా జరుగుతుంటేనే హాల్లో ఈలలు మొదలయ్యేవి.

మల్టీప్లెక్సులు ఈ లెక్కను తలకిందులు చేశాయి. చాలా హాళ్లలో తెర 1.85 ఆకారంలో గోడ నుంచి గోడదాకా బిగించి ఉంటుంది. వెడల్పు స్థిరం, మారేది ఎత్తు. తెర 40 అడుగులనుకోండి. 1.85లో తీసిన సినిమా అక్కడ 21.6 అడుగుల ఎత్తున పడుతుంది. ఇవాళ్టి 2.39 స్కోప్ సినిమాకు దక్కేది 16.7 అడుగులే. విస్తీర్ణంలో 22 శాతానికి పైగా కోత. భారీతనం కోసమని స్కోప్ ఎంచుకున్న నిర్మాత, అదే తెర మీద, అదే టికెట్ ధరకు, చిన్న బొమ్మ చూపిస్తున్నాడన్నమాట. మిగిలిన పైభాగాన్నీ కిందిభాగాన్నీ నల్ల గుడ్డతో మూసే ఓపిక కూడా చాలా హాళ్లకు లేదు. అవి బూడిదరంగు పట్టీలుగా సినిమా అంతసేపూ మినుకుమంటూనే ఉంటాయి.

డిజిటల్ ప్రొజెక్షన్ లెక్క ఇంకా నిర్దయగా ఉంటుంది. 2కె ప్రమాణంలో 1.85 బొమ్మకు 1998 × 1080 చుక్కలు కేటాయిస్తారు, స్కోప్‌కు 2048 × 858. గుణిస్తే మొదటిది 21.5 లక్షలు దాటుతుంది, రెండోది 17.5 లక్షల దగ్గర ఆగిపోతుంది. రీలు రోజుల్లో ఇలా లేదు. అనమార్ఫిక్ లెన్సు దృశ్యాన్ని అడ్డంగా నొక్కి, నెగటివ్ ఎత్తునంతా వాడుకునేది. బూత్‌లోని లెన్సు దాన్ని మళ్లీ విప్పేది. పైనా కిందా మూసి వేసే ఫ్లాట్ బొమ్మ కంటే స్కోప్‌కే ఎక్కువ నెగటివ్ దక్కేది. అంటే 1974 నాటి స్కోప్ గొప్ప ఆనాటికి నిజం. కారణం పోయింది, గొప్ప మాత్రం మిగిలింది.

2003లో తెరిచిన హైదరాబాద్ ప్రసాద్స్ ఐమాక్స్ తెర 95 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు ఉండేది. జనాన్ని అబ్బురపరిచింది ఆ ఎత్తే. వెడల్పు మీద అంత మోజున్నవాళ్లు గమనించని సంగతేమిటంటే, ఆ తెర నిష్పత్తి దాదాపు ‘పాతాళభైరవి’ ఫ్రేము నిష్పత్తే. దాని మీద స్కోప్ సినిమా వేస్తే 40 అడుగుల లోపే ఎత్తు పడేది, 32 అడుగులు ఖాళీ. ఐమాక్స్ ఫిల్మ్ ఫ్రేము కూడా 1.43, అంటే ప్రపంచంలో అతి పెద్ద బొమ్మ కోసం పుట్టిన పద్ధతి చదరానికి దగ్గరగా ఉండే ఆకారాన్నే ఎంచుకుంది.

ఇక 70 ఎంఎం. ఆ అంకె ఫిల్మ్ పట్టీ వెడల్పుది, తెర వెడల్పుది కాదు. సాధారణ 70 ఎంఎం బొమ్మ నిష్పత్తి 2.20, స్కోప్ కంటే తక్కువ. దాని మహిమంతా ఫ్రేము పెద్దదవడంలో, అందువల్ల వచ్చే స్పష్టతలో, ఫిల్మ్ మీదే నడిచే ఆరు ట్రాకుల శబ్దంలో ఉంది. పైగా ‘షోలే’ను 35 ఎంఎంలో తీసి 70కి పెంచారు. పోస్టరు మీది అంకెను చూసి కెమెరాలో ఏముందో ఊహించుకోవడం దగ్గరే మన పొరపాటు మొదలైంది.

2. కళ్ల వాదం

రెండు కళ్లూ పక్కపక్కన ఉన్నాయి కనుక అడ్డబొమ్మే సహజమట. రెండు కళ్లకూ కలిపి అడ్డంగా దాదాపు 200 డిగ్రీలు, నిలువుగా దాదాపు 130 డిగ్రీల మేర కనిపిస్తుంది. భాగిస్తే ఒకటిన్నర వస్తుంది. 2.35 కాదు, 1.85 కూడా కాదు. ఈ వాదం నెగ్గితే గెలిచేది పాత చదరపు ఫ్రేమే. అసలు కన్ను స్పష్టంగా చూసేది మధ్యలో రెండు డిగ్రీల మేర. మిగతాదంతా చూపు తిప్పుకుంటూ పోగేసుకునేదే. చూపుకు అంచులుండవు, సినిమాకు ఉంటాయి. అంచులు ఎక్కడ పెట్టాలన్నది కంటి నిర్మాణం తేల్చే సంగతి కాదు, తీసేవాడు తేల్చాల్సింది.

3. కళ కోరితే పుట్టలేదు

సినిమా ఎదుగుతూ ఎదుగుతూ వెడల్పయిందన్న చరిత్ర కూడా కట్టుకథే. అమెరికాలో టీవీ ఇళ్లలోకి రాగానే, 1946లో ఉన్న ప్రేక్షకుల సంఖ్య ఏడేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. ఇంట్లో దొరకనిది చూపించాలి. 1952 సెప్టెంబరులో న్యూయార్క్‌లో సినీరమా మూడు ప్రొజెక్టర్లతో, వంపు తిరిగిన తెరతో మొదలైంది. మరుసటి ఏడు ఫాక్స్ సంస్థ ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆన్రీ క్రెతియెన్ లెన్సు పద్ధతిని కొనుక్కొచ్చి ‘ది రోబ్’ తీసింది. సినిమాస్కోప్ అలా పుట్టింది. తొలి లెన్సుల్లో క్లోజప్ తీస్తే తారల ముఖాలు ఉబ్బి, గవదబిళ్లలు లేచినట్టు కనిపించేవి. దర్శకులు కెమెరాను దూరంగా జరిపి నటులను ఒక వరుసలో నిలబెట్టారు. కొన్నేళ్లపాటు స్కోప్ సినిమా వ్యాకరణం వెనక్కి నడిచింది. ఆ వెడల్పును వాడుకోవడం తర్వాత నేర్చుకున్నారు.

ఆ హడావుడిలో జరిగిన ఒక పని గుర్తుపెట్టుకోవాలి. జార్జ్ స్టీవెన్స్ ‘షేన్’ను 1.37 కోసం తీసి ఉంచాడు. 1953లో విడుదల నాటికి వెడల్పు గాలి వీస్తోంది. పారమౌంట్ దాన్ని 1.66 తెర మీద వేసింది. బొమ్మ ఎత్తులో దాదాపు ఆరో వంతు ఎగిరిపోయింది. దర్శకుడు కూర్చిన ఫ్రేమును అమ్మకందారు కోయడం అప్పుడే మొదలైంది. మన దగ్గర అదే పనికి ఇప్పుడు పునరుద్ధరణ అని పేరు పెట్టుకున్నాం.

4. భారీతనం ఏ పక్కకు పెరుగుతుంది?

యుద్ధం, సైన్యం, ఎడారి, కొండల వరుస అడ్డంగా పరుచుకుంటాయి. వాటికి స్కోప్ నప్పుతుంది, అందులో తగాదా లేదు. కానీ భారీవన్నీ అడ్డంగా ఉండవు. స్పీల్‌బర్గ్ ‘జురాసిక్ పార్క్’ను 1993లో 1.85లో తీశాడు. రాక్షసబల్లి పక్కన మనిషిని నిలబెట్టాలంటే కావలసింది ఎత్తు. 2012 ‘అవెంజర్స్’ కూడా 1.85నే, ఆకాశహర్మ్యాలూ హల్కూ ఒకే ఫ్రేములో పట్టాలి మరి. హాలీవుడ్‌లో అతి భారీ అనిపించుకున్న ఈ సినిమాలను మన కొలత ప్రకారం సీరియళ్లలో కలపాలేమో.

అలాగని ఎత్తయిన వస్తువుకు స్కోప్ పనికిరాదని తిరగేసి చెప్పినా తప్పే. ‘బాహుబలి’లో జలపాతం కంటే నిలువైనది లేదు, అయినా ఆ సినిమా స్కోప్‌లోనే ఉంది. కథానాయకుడు శివుడు ఆ వెడల్పులో చీమంతవాడై కనిపిస్తాడు. అందని ఎత్తును అలా చూపించే పద్ధతి అది. కురొసావా ‘హై అండ్ లో’ను 1963లో స్కోప్‌లో తీసి, మొదటి గంటలో ఎక్కువ భాగం ఒక చెప్పుల కంపెనీ పెద్దమనిషి ఇంటి హాల్లోనే నడిపాడు. ఎడారి లేదు, గుర్రం లేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుపోయినవాడి ఫోన్ కోసం ఎదురుచూసే మనుషులు ఆ వెడల్పులో ఒకరికొకరు ఎంత దూరంగా నిలబడ్డారన్నదే కథ చెబుతుంది. 1959లో ‘కాగజ్ కే ఫూల్’ మన దేశపు తొలి స్కోప్ సినిమా. దర్శకుడు గురుదత్, ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి ఆ వెడల్పును వాడింది భారీతనానికి కాదు. ఖాళీ స్టూడియో చీకట్లో పైనుంచి పడే వెలుగు కిరణం, దాని చుట్టూ బోలెడంత శూన్యం.

సన్నని ఫ్రేముతో ఇదే స్థాయి పని చేసినవాళ్లూ ఉన్నారు. 2013లో పవ్లికోవ్‌స్కీ తీసిన ‘ఇడా’ చదరానికి దగ్గరగా ఉండే ఫ్రేములో ముఖాలను అడుగు అంచుకు నెట్టేసి, పైన ఆకాశాన్నో గోడనో వదిలేస్తుంది. ఆ బరువంతా ఆ పై ఖాళీదే. 2014లో వెస్ ఆండర్సన్ ‘గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’లో మూడు కాలాలకు మూడు ఆకారాలు వాడాడు, 1930ల కథ 1.37లో, 1960ల కథ స్కోప్‌లో, 1980లది 1.85లో నడుస్తుంది. ఆకారం కథలో భాగం కాకపోతే ఇంత శ్రమ ఎందుకు? సినిమాను ఆకారం గొప్పది చేయదు. ఆకారానికీ లోపలి కూర్పుకూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే ప్రశ్న.

5. పాత సినిమాకు చేస్తున్న మర్యాద

ఇక్కడిదాకా చెప్పింది అభిప్రాయాల తగవు. ఇక్కడి నుంచి నష్టం.

‘మాయాబజార్’ 1957 నాటిది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే దాన్ని 1.37 ఫ్రేముకు కూర్చాడు. దానికి రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి, ఆకారాన్ని కూడా నేటి స్కోప్ తెరకు సరిపెట్టి 2010 జనవరిలో విడుదల చేశారు. జనం మళ్లీ హాళ్లకు వెళ్లి చూశారు, సంతోషించారు. సంతోషాన్ని తప్పుపట్టను. రంగు అద్దొచ్చా కూడదా అన్నది వాదించుకోదగిన విషయం. రంగు కింద అసలు బొమ్మ ఎలాగూ ఉంటుంది. కోసేసిన భాగం కింద ఏమీ ఉండదు. 1.37 బొమ్మతో 2.35 తెర నింపాలంటే ఎత్తులో 40 శాతానికి పైగా వదులుకోవాలి. ఇంకో దారి దాన్ని సాగదీయడం. మూడో దారి లేదు. ఏ సాంకేతిక నిపుణుడూ కూడికలు తీసివేతలను దాటి పోలేడు.

ఇంట్లో రోజూ జరిగేది దీనికి తమ్ముడు. 16:9 టీవీలో పాత సినిమా తెర నింపాలంటే ఎత్తులో 23 శాతం పోతుంది. కోయడం ఇష్టంలేక సాగదీస్తే ప్రతి ముఖం 30 శాతం లావెక్కుతుంది. సావిత్రిని అలా చూపించి, పాత హీరోయిన్లు అలాగే ఉండేవారని పిల్లలకు చెబుతున్నాం.

తెలుగు సినిమాకు ఈ కోత మామూలు కంటే ఎక్కువ తగులుతుంది. పౌరాణికాలు మన సొంత సంపద, పౌరాణికాల్లో మనుషులకు కిరీటాలుంటాయి. మనిషి ముఖం మీద మరో ముఖమంత ఎత్తు. 1.37 ఫ్రేములో నడుం దాకా తీసిన షాటులో పై అంచుకు కొద్దిగా కింద కిరీటం కొన ఉంటుంది. కత్తెర మొదట పడేది అక్కడే. ఎన్టీఆర్ కృష్ణుడి నెమలి పింఛం పోతుంది, ఎస్వీ రంగారావు ఘటోత్కచుడి కిరీటం సగానికి తెగుతుంది. మాయా శశిరేఖగా సావిత్రి ఆడిన పెళ్లి పాట చూడండి. ఆడపిల్ల ఒయ్యారంలోంచి ఒక్కసారిగా ఘటోత్కచుడి ఠీవి బయటికి వచ్చే ఆ హాస్యమంతా తల నుంచి పాదం దాకా పూర్తి దేహంలో ఉంది. తల ఉంచితే కాళ్లు పోతాయి, కాళ్లు ఉంచితే తల పోతుంది. నాట్యం ఉన్న ప్రతి పాత పాటదీ ఇదే గతి. ‘మాయాబజార్’లోనే ఇష్టమైనవాళ్లను చూపించే ప్రియదర్శిని పెట్టె ఒకటుంది, టీవీని ఏనాడో ఊహించినంత పని చేసిన ఆ సినిమాను, తీరా పెట్టె ఇంటికొచ్చాక మనం ఇలా చూస్తున్నాం.

బీరువాలో పట్టడం లేదని పట్టుచీర కొంగు కత్తిరించే ఇల్లాలు ఎక్కడా లేదు.

వెడల్పును పూజించేవాళ్లు ఒక్క సంగతి గుర్తుచేసుకుంటే చాలు. వీడియో క్యాసెట్ల రోజుల్లో, పాత టీవీల రోజుల్లో ఇదే అన్యాయం స్కోప్ సినిమాకు జరిగింది. 2.35 బొమ్మను 1.33 గాజు పెట్టెలోకి ఎక్కించడానికి పక్కలు నరికేవారు. సగం దాకా, 40 శాతం పైనే పోయేది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు మాత్రం కనిపించేది. అది ఘోరమని అప్పుడు ఒప్పుకున్నవాళ్లు, ఇప్పుడు అదే కోత నిలువునా పడుతుంటే ఆధునికీకరణ అంటున్నారు. ఒకే తప్పు అడ్డంగా చేస్తే నేరం, నిలువునా చేస్తే సేవ ఎలా అవుతుంది?

పద్ధతిగా చేసినవాళ్లు లేకపోలేదు. నెగటివ్ మంటల్లో దెబ్బతిన్న ‘పథేర్ పాంచాలి’ని బాగుచేసి 2015లో మళ్లీ చూపించినప్పుడు 1.37లోనే చూపించారు. ప్రపంచంలో ఎవరూ అది సీరియల్‌లా ఉందనలేదు.

6. ప్రేక్షకుడి మీద నెపం

చివరికి అందరూ చేరే చోటు ఇదే: మేమేం చేస్తాం, ప్రేక్షకుడు నల్ల పట్టీలు భరించడు.

ఏ పట్టీలు? ఇదే ప్రేక్షకుడు ఇదే టీవీలో ‘బాహుబలి’ని పైనా కిందా పట్టీలతో చూస్తున్నాడు. తెర పావువంతు నల్లగా ఉంటుంది. ఛానెల్‌కు ఫోన్ చేసి తిట్టడు సరికదా, ఆ పట్టీలుంటేనే సినిమాలా ఉందంటాడు. సరిగ్గా ఆ మోజు కోసమే పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు 1920 × 1080 బొమ్మలో పైనా కిందా పావువంతు చెరిపేసుకుంటున్నాయి. ఉన్న బొమ్మను చెరిపి భారీతనం తెచ్చుకునే వింత విద్య ఇది. పైన కింద పట్టీలు హోదా, పక్కన పట్టీలు లోపం. ఇందులో ప్రేక్షకుడి కంటికి సంబంధించినది ఏమీ లేదు, మనం అలవాటు చేసిన అంతస్తుల లెక్క ఉంది. అలవాటు చేసినవాళ్లే మాన్పించాలి.

ఎలాగంటే, దర్శకుడు ఆకారాన్ని స్క్రిప్టు దశలో ఛాయాగ్రాహకుడితో కూర్చుని తేల్చుకోవాలి. ఎడిటింగు టేబుల్ మీద పట్టీలు అతికించడం నిర్ణయం కాదు. మల్టీప్లెక్సులు పై కింద పరదాలకు డబ్బు ఖర్చు పెట్టాలి. పాప్‌కార్న్ మీద వచ్చేదాంట్లో అది ఏపాటి? పాత సినిమా హక్కులు కొని బాగుచేసేవాళ్లు అసలు నిష్పత్తిని ఒప్పందంలోనే రాసుకోవాలి. రంగుల ప్రతి వేసుకున్నా, కోయని ప్రతి ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. ఓటీటీ వేదికలు సినిమా పేరు, ఏడాది పక్కన ఏ నిష్పత్తిలో చూపిస్తున్నారో కూడా చెప్పాలి.

టీవీ ఛానెళ్లయితే ఏమీ కొనక్కర్లేదు. జూమ్ తీసేసి పక్కన రెండు పట్టీలు వదిలేస్తే చాలు. తెర పాడైందనుకుని ఎవరైనా ఫోన్ చేస్తే, సినిమా ఇలాగే తీశారని కింద ఒక వరుస స్క్రోలింగ్ వేయండి. సబ్బులకూ చిట్‌ఫండ్లకూ అక్కడ రోజంతా చోటు దొరుకుతూనే ఉంది కదా.